హాలు చరిత్రలో నేను రాయని మనిషి

మా రైల్వే కాలనీలో పాత డాన్సు హాలు పడగొడుతున్నారు. దాని చరిత్ర రాసిపెట్టమని నన్ను అడిగితే ముందు నవ్వొచ్చింది. కరెంటు ఫిట్టరుగా చేరి ఇన్నేళ్ళయినా కరెంటు ఫిట్టరుగానే ఉన్నవాణ్ణి. ఫలానా క్వార్టర్లో ఫ్యాను తిరగడం లేదు, కెపాసిటరు మార్చడమైనది అని రిజిస్టర్లో రాయడం తప్ప నేను రాసిందేముంది? కానీ అడిగింది చెల్లెమ్మ కూతురు. చెల్లెమ్మ అంటే తోడబుట్టింది కాదు, నా స్నేహితుడి భార్య. పెళ్ళైన కొత్తలోనే నన్ను అన్నయ్యా అని పిలిచింది, ఆ వరసే ఉండిపోయింది. స్నేహితుడు పోయి ఆరేళ్ళయింది.

ఆ పిల్ల ఇక్కడే బ్యాంకులో పనిచేస్తోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది.

"మావయ్యా, మన తెలుగు సంఘం వాళ్ళు బుక్ వేస్తున్నారు. హాల్ గురించి నీకే తెలుసు కదా. రాయి యార్" అంది.

మేనమామ వరసవాణ్ణి పట్టుకొని యార్ అంటుంది. ఈ బిలాస్‌పూర్లో, హిందీవాళ్ళ మధ్య పుట్టిన పిల్లలు అంతే, ఎవరి మీద విసుక్కుంటాం.

"నేను రాస్తే నువ్వు చదవగలవా ఏంటి?"

"నువ్వే ఇంటికొచ్చి చదువు. అమ్మ కూడా వింటుంది."

అమ్మ కూడా వింటుంది అన్నప్పుడే కాదనేయాల్సింది. నా నోటికి అంత తెలివి ఎప్పుడూ లేదు. సరే అన్నాను.

హాలు సంగతి చెప్తాను. తెల్లదొరలున్నప్పుడు కట్టింది. ఎర్ర ఇటుక గోడలు, పెంకుల కప్పు, లోపల మొత్తం టేకు చెక్క నేల. ఆ నేల కోసమే హాలు కట్టారని చెప్పుకునేవారు. దొరలూ, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ శనివారం శనివారం భార్యల నడుం పట్టుకొని దాని మీద తిరిగేవారట. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరిన మా తాతకి ఆ గుమ్మం తొక్కే వీలు లేదు. మా నాన్న ఖలాసీగా ఒక క్రిస్మస్‌కి లోపలికి వెళ్ళాడు. ఎందుకూ? మోకాళ్ళ మీద పాకుతూ నేలకి మైనం రుద్దడానికి. బూటు జారేలా రుద్దాలి, మనిషి పడకుండా రుద్దాలి అని ఆ పనితనం గురించి ముసలితనంలో కూడా గొప్పగా చెప్పుకునేవాడు. అదేం గొప్ప నాన్నా అని నేను కసిరేవాణ్ణి.

తరవాత వాళ్ళు ఒక్కో కుటుంబమే వెళ్ళిపోయారు. హాల్లో తంబోలా ఆడేవారు, పెళ్ళి భోజనాలు పెట్టేవారు, యూనియన్ మీటింగులు పెట్టేవారు. మాకు మీసాలొచ్చేసరికి అది ఖాళీగా పడి ఉంది.

తొంభైల మొదట్లో అనుకుంటాను, విశాఖపట్నం నుంచి ఓడల మీద పనికి వెళ్ళే మా మేనమామ నాలుగు కేసెట్లు తెచ్చిచ్చాడు. ఇంగ్లండులో ఏదో రేవు ఊళ్ళో కొన్నాట్ట. అక్కడి కుర్రాళ్ళు ఖాళీ గోడౌన్లలో చేరి వీటికి గంటలకొద్దీ గెంతుతున్నారు, ఒంటి మీద తెలివి ఉండడం లేదు అన్నాడు. ఇంటికి తెచ్చి పెడితే పాట లేదు, మాట లేదు. ధన్ ధన్ ధన్ ధన్, పైన సన్నగా కీచుమని ఏదో. వంటింట్లోంచి మా అమ్మ అరిచింది. "ఒరే, టేపు పాడైపోనాదిరా. ఆపీ!"

నేను ఆపబోయాను. పక్క క్వార్టరు నుంచి గోడ దూకి వచ్చాడు మా వాడు. వాడి గురించే చెప్తున్నాను, చెల్లెమ్మ భర్త. ఒకే బడి, ఒకే సైకిలు, ఒకరి చొక్కా ఇంకొకరం వేసుకొనేవాళ్ళం. గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకొని విన్నాడు.

"ఒరే, ఇది ఇంజన్ రా" అన్నాడు. "లోడుతో ఎత్తు ఎక్కుతున్న ఇంజన్. దీన్ని ఇంత చిన్న డబ్బాలో పెట్టి చంపుతావేటి? పెద్ద బాక్సులు కట్టు."

కట్టాను. యంత్రాల సామాను వచ్చే దేవదారు పెట్టెల చెక్కతో బీరువాలంత రెండు బాక్సులు కట్టి స్పీకర్లు బిగించాను. హాలు చూసుకునే పెద్దాయన్ని బతిమాలితే శనివారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు ఆడుకోమన్నాడు. రాత్రి డ్యూటీ ఎక్కే డ్రైవర్లు నిద్ర పోతారు, ఎనిమిదిన్నరకి చప్పుడు వినబడితే తాళం వేస్తాను అన్నాడు. మైనం ఎక్కడ తెస్తాం? క్యారమ్ బోర్డు పౌడరు చల్లేవాళ్ళం. ఎండాకాలం నలభై యాభై మందిమి చెమటలతో ఆ పౌడరులో జారుతూ గెంతుతుంటే చెక్క నేల మొత్తం కిందికీ మీదికీ ఊగేది. అరికాళ్ళలోంచి గుండెలోకి కొట్టేది ఆ దెబ్బ. మా నాన్న పాకిన నేల మీద నేను రాజ్యం చేస్తున్నాననుకొనేవాణ్ణి. ఎంత పొగరో!

ఆడపిల్లలు లోపలికి వచ్చేవారు కాదు, వరండాలో కిటికీల దగ్గర మూగేవారు. చెల్లెమ్మ కూడా వాళ్ళలో ఒకర్తె. అప్పటికి వాడి భార్య కాదు. వాడు ఎప్పుడూ ఒక్కచోటే ఆడేవాడు, ఎడమవైపు బాక్సుకి చెవి ఆనించి. తల బాక్సులోకి దూర్చేసేవాడు. ఆశీర్వాదం తీసుకుంటున్నాడ్రా అని మేం ఏడిపించేవాళ్ళం.

ఆ చప్పుడులో మాట వినబడదు కదా, అందుకని మాకు సైగలు పుట్టాయి. సగం యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్పించే షంటింగు వాళ్ళు చేతులతో ఇచ్చే సిగ్నళ్ళే. చెయ్యి పైకీ కిందికీ ఊపితే దూరం జరుగు, అడ్డంగా ఊపితే దగ్గరికి రా. మిగతావి మేం కల్పించుకున్నాం. బొటనవేలు గొంతుకి ఆనిస్తే నీళ్ళు. అరచెయ్యి కిందికి అదిమితే కూర్చో. ఏ కేసెట్టు పెట్టాలో వేళ్ళతో నంబరు. వాడికైతే ఒకటే సైగ, పిడికిలి పైకి. అంటే ఇంకా పెంచు. నేను పెంచేవాణ్ణి. ఆంప్లిఫయరు నాబు ఎర్ర గీత దాటకుండా చిన్న మేకు అడ్డం ఉండేది, దాన్ని నేనే పీకేశాను. నా చెవుల్లో మాత్రం దూది పెట్టుకొనేవాణ్ణి. ఫిట్టరు బుద్ధి. దూది ఉండ ఇంకొకటి చేసి వాడి చేతిలో పెట్టాలని ఒక్క శనివారమైనా నాకు తోచలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్న చెవిలో ఈల మోగుతోందిరా అనేవాడు. సోమవారానికి తగ్గిపోయేది. నాలుగేళ్ళు నడిచింది ఆ ఆట. తరవాత చెక్కలు విరిగాయి, మాకు ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి. నేను కరెంటు డిపోలో చేరాను, వాడు వాళ్ళ నాన్నలాగే గ్యాంగులో ట్రాక్ మీద పనిలో చేరాడు. ఈల మాత్రం వాడి చెవిలో ఉండిపోయింది.

చెవుడంటే జనం ఏమీ వినబడకపోవడం అనుకుంటారు. వాడిది అలా కాదు. లావు చప్పుళ్ళన్నీ వినబడేవి. ఇంజను, డోలు, నా బొంగురు గొంతు, అన్నీ. సన్నటివే పోయాయి. సైకిలు బెల్లు, కుక్కరు కూత, పక్షులు. నలభై దాటాక నాకు ఆ సంగతి తెలిసింది, అదీ వాడు చెప్పలేదు. ఉస్లాపూర్ స్టేషన్లో ఇద్దరం లోకలు కోసం నిలబడి ఉన్నాం. వాడి ఫోను జేబులో మోగుతోంది, వాడు నా మొహంలోకి చూసి నవ్వుతున్నాడు. తియ్యవేంట్రా అన్నాను. దేన్ని అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వచ్చే నెల మెడికల్ ఉంది, చెవి పరీక్షలో పోతానని వాడి భయం.

"పోతే పోనీ. ఉద్యోగం తియ్యరు కదరా. ఆఫీసులో వేస్తారు" అన్నాను.

"ఆఫీసులో ఏటి చేస్తాను? టేబుళ్ళ మీద నీళ్ళు పెడతానా? ఫైళ్ళు మోస్తానా?" వాడికి కోపం వచ్చేసింది. "మేట్ చేస్తామన్నారురా నన్ను. గ్యాంగు మొత్తానికి మేట్ని. ఇప్పుడు చెవిటోడా అని పిలిపించుకోనా? ఇంట్లో మా ఆవిడికి కూడా తెలీదు. ఎవరికీ చెప్పకు."

ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ తరవాత మాట నేనే అన్నాను, వాడు కాదు. "నువ్వు భయపడకు, నేను చూసుకుంటాను" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. వాడు ఫెయిలైతే ఎందుకు చెవి పోయిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ బాక్సులు కట్టింది నేను, ఆ మేకు పీకింది నేను. వాడు పాసైతే నేనూ పాసైనట్టే.

పరీక్ష గది నాకు తెలుసు, అక్కడి లైట్లు చూసేది మా డిపోయే. పరీక్షకి వచ్చిన మనిషి గోడ వైపు తిరిగి నిలబడాలి. డాక్టరుగారు వెనక దూరంగా ఉండి కొన్ని మామూలు గొంతుతో, కొన్ని గుసగుసగా చెప్తారు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ముందు రోజు నేను ఏదో పని పేరు చెప్పి వెళ్ళి, ఆ గోడ మీది ట్యూబులైటు స్టార్టరు వదులు చేసి వచ్చాను. అనుకున్నట్టే లైటు కొట్టుకుంటోందని మర్నాడు కంప్లయింటు వచ్చింది. నిచ్చెన భుజాన వేసుకొని వెళ్ళాను. డాక్టరుగారు మంచాయన. "చేసుకో భాయ్, నువ్వేం అడ్డం కాదు" అన్నారు.

నేను నిచ్చెన ఎక్కాను. మా వాడు వచ్చి గోడ వైపు, అంటే నా వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి గుసగుసగా బత్తీస్ అని వినబడింది. స్క్రూడ్రైవరు పట్టుకున్న చేత్తో మూడు వేళ్ళు, తరవాత రెండు. "బత్తీస్" అన్నాడు వాడు. చౌదా. ఒకటి, నాలుగు. "చౌదా." పానీ అన్నారు. నేను చెమట తుడుచుకుంటున్నట్టు బొటనవేలు గొంతుకి ఆనించాను. "పానీ" అన్నాడు వాడు, పెదవి చివర నవ్వు కూడా ఆపుకోలేదు దొంగ వెధవ. ఆఖర్న బైఠ్ జావో అన్నారు. అరచెయ్యి అదిమాను. వెంటనే స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

బయటికొచ్చాక నన్ను పైకెత్తి గిరగిరా తిప్పాడు. బుధవారీ బజారులో గరంగరంగా సమోసాలు తిన్నాం. హాలు ఇంకా బతికే ఉందిరా మన చేతుల్లో అన్నాడు. నేనూ నవ్వాను. నా జీవితంలో అంతటి తెలివైన పని చెయ్యలేదనుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. చలికాలం, పొద్దున్న తొమ్మిదయినా మంచు విడలేదు. గ్యాంగు లైను మీద కంకర కూరుతోంది. ఇలాంటి పనిలో బండిని చూసి ఈల ఊదడానికే ఒక మనిషి దూరంగా నిలబడతాడు. ఈల వినగానే అందరూ పనిముట్లతో పక్కకి దిగిపోవాలి. ఆ రోజు అవతలి లైనులో గూడ్సు పోతోంది, ఆ రొదలో ఇవతలి లైనులోకి ఇంకో బండి వచ్చింది. ఈల ఊదినవాడు తర్వాత నా దగ్గర భోరున ఏడ్చాడు. మూడుసార్లు ఊదాను బాబూ, అందరూ దిగారు, ఈ మనిషొక్కడూ వంగి రాళ్ళు సర్దుతూనే ఉన్నాడు అన్నాడు. గూడ్సు చప్పుడు మా వాడికి బాగానే వినబడి ఉంటుంది. ఉన్నది ఆ బండొక్కటే అనుకొని ఉంటాడు. ఈల సన్నటిది.

విచారణలో వాడి అజాగ్రత్త వల్లే అని తేల్చారు. ఎనిమిది నెలల కిందటి మెడికల్ కాగితం తీసి చూశారు, చెవులు బాగున్నాయని ఉంది. నేను అక్కడే వరండాలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

చెల్లెమ్మకి వాడి బదులు ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో. టేబుళ్ళ మీద నీళ్ళు పెడుతుంది, ఫైళ్ళు మోస్తుంది. ఏ పని నామర్దా అని వాడు చచ్చాడో ఆ పనే ఆరేళ్ళుగా చేస్తోంది, ఒక్కనాడు మొహం మాడ్చుకోలేదు. కనబడితే "తిన్నావా అన్నయ్యా" అని అడుగుతుంది. నేను ఆ సందు తప్పించి తిరగడం అలవాటు చేసుకున్నాను.

ఇదంతా తెలిసి కూడా చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాను చూడండి. వారం కూర్చొని ఆరు పేజీలు రాశాను. దొరలు రాశాను, మా నాన్న మైనం రాశాను, కేసెట్లు, బాక్సులు, క్యారమ్ పౌడరు అన్నీ రాశాను. పోయిన ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ క్వార్టరుకి వెళ్ళి చదివాను. పిల్ల ఫోనులో రికార్డు చేసుకుంటూ "వాహ్ మావయ్యా" అంటోంది. చెల్లెమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. చదవడం అయిపోయాక చేట పక్కన పెట్టింది.

"అన్నయ్యా, ఇందులో మా ఆయనేడీ?"

నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

"కిటికీలోంచి చూసీదాన్ని. ఆ బాక్సు దగ్గర ఆయన లేని శనివారం లేదు. అందరినీ రాసావు. పౌడరు డబ్బా కూడా రాసావు. నీ పక్కనే ఉన్న మనిషిని ఎందుకు రాయలేదు? ఆయనేటి చేసాడు నీకు?"

ఆఖరి మాటకి నా వల్ల కాలేదు. వాడు నాకేమీ చెయ్యలేదమ్మా, నేనే చేశాను అన్నాను. మొత్తం చెప్పేశాను. దూది, మేకు, ఉస్లాపూర్లో ఫోను, నిచ్చెన, వేళ్ళు, పానీ. చెప్తుంటే పిల్ల ఎప్పుడో రికార్డింగు ఆపేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. నా మొహాన ఆ చేట విసిరినా బాగుండేది.

చెల్లెమ్మ చేతులకంటిన తవుడు చీరకి తుడుచుకుంది. తరవాత మెల్లగా అడిగింది.

"సన్నటివి వినబడవన్నావు. ఏటేటి వినబడవు?"

"ఈలలూ, బెల్లులూ..." అని నీళ్ళు నమిలాను.

"నా గొంతు?"

ఆ ప్రశ్న ఉందని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఆమెది పీచు గొంతు, చిన్నపిల్ల గొంతులా ఉంటుంది. తల ఊపాను.

"నీతో మాటాడీవారు" అంది. "మా అత్తతో మాటాడీవారు, ఆవిడిది మగగొంతు. నేనేటి అడిగినా పలికీవారు కాదు. పిలిస్తే అటు తిరిగిపోయీవారు. నా మీద మనసు విరిగిపోనాదనుకున్నాను అన్నయ్యా. ఇంకెవర్తైనా ఉన్నాదేమో అనుకున్నాను. ఏడిచి ఏడిచి, ఆఖరికి నేనూ మానీసాను. రెండేళ్ళు. కంచం పెట్టీదాన్ని, తీసీదాన్ని. మాట లేదు."

"మమ్మీ" అంది పిల్ల. చెల్లెమ్మ చెయ్యెత్తి ఆగమంది.

"ఆయన పోయిన రోజు పొద్దున్న మఫ్లరు మర్చిపోయారు. మంచు కురుస్తంది. రెండేళ్ళకి నేనే తగ్గి, గుమ్మంలోకెళ్ళి పిలిచాను. ఏవండీ, ఏవండీ అని, సందంతా వినబడేలాగ. తిరగలేదు. వంట్లో మండిపోనాది నాకు. తలుపు ధడేల్మని వేసీసాను."

ఆ రేకు తలుపు వైపు చూసింది. నేనూ చూశాను.

"దానికి తిరిగారు. కిటికీలోంచి చూసాను. వెనక్కి రెండడుగులు వేసి, మూసున్న తలుపు వైపు చూస్తా నిలబడ్డారు. ఎందుకు కోపమొచ్చిందో తెలీనట్టు. నేను తలుపు తియ్యలేదు. వెళ్ళిపోనారు."

చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు బియ్యంలో కదులుతున్నాయి గానీ ఏరడం లేదు.

"అది వినబడింది కదా అన్నయ్యా ఆయనకి? ఆ తలుపు చప్పుడు?"

"వినబడిందమ్మా" అన్నాను.